రాతి మీద పొగమంచు

పెయింటరు పని మానేసి కొన్ని వానాకాలాలు గడిచాయి. కుడి చెయ్యి వణుకుతుంది. ఎడమ కంటికి పొర కమ్మింది. అయినా శబరి ఒడ్డున మా కొంటా బజారులో ఎవరైనా కొత్తగా రంగుల డబ్బా పట్టుకుంటే, జనం ముందు నా ఇంటికే దారి చూపిస్తారు. వచ్చినవాళ్ళు అడిగేది ఒకటే. "తాతా, రాళ్ళ పని ఎట్ల జేస్తరు?" రంగులో టర్పెంటు ఎంత కలపాలో, నాచు ఎలా గీకాలో చెప్పి పంపేస్తాను. అసలు చెప్పాల్సింది చెప్పను. వాళ్ళకు జీపు దొరకదన్న తొందర, నాకు మనుషులంటే విసుగు. ఆ చెప్పనిదేమిటో ఇప్పుడు రాస్తున్నాను. ఓపిక ఉంటే చదవండి, లేకపోతే ఫ్లెక్సు మిషను కొనుక్కోండి.

రాళ్ళ పని అంటే తెలియనివాళ్ళ కోసం ఒక మాట. మా వైపు దోర్ల ఆదివాసుల ఊళ్ళల్లో మనిషి పోయాక ఊరి బయట దారి పక్కన ఒక పలక రాయి నిలబెడతారు. దాని మీద పోయిన మనిషి బొమ్మ వేయిస్తారు. మనిషొక్కడే కాదు, అతని గొడ్లు, కోళ్ళు, సైకిలు, తాటిచెట్టు, రేడియో, ఏది అతనికి ఇష్టమైతే అది. ఆ బొమ్మలన్నీ అతనితో పాటు పోతాయని నమ్మకం. కూడబెట్టిన ఇల్లంతా రాతి మీదికి రావాలి. ఇంటివాళ్ళు మన పక్కనే నిలబడి ఒక్కొక్కటీ చెబుతుంటే మనం గీస్తూ పోవాలి. నా బతుకంతా సగం దుకాణాల బోర్డులతో, సగం ఈ రాళ్ళతో గడిచింది.

మూడో సగం కూడా ఒకటుంది. అది ఎవరికీ తెలియదు. ఇంట్లో తలుపు వేసుకుని చైనావాళ్ళ పద్ధతిలో సిరాతో కొండలు, నీళ్ళు గీసుకునేవాణ్ణి. దాని సంగతి ముందు చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

గోడ మీద సగం బొమ్మ

మాది కొంటా పక్కన గొల్లపల్లి. నాన్న ఒకరి పొలంలో పాలేరు. నాకు నాగలి పట్టడం చేతకాలేదు. పడుచు వయసులో ఇనుప గనుల టౌన్‌షిప్పుకు పోయి క్వార్టర్లకు సున్నం కొట్టే పనిలో చేరాను. అక్కడ ఆంధ్రా నుంచి వచ్చిన ఒక ఇంజనీరు గారి ఇంట్లో ముందు గదికి రంగు వేయాల్సి వచ్చింది. గోడకు నిలువుగా పొడుగాటి బొమ్మ ఒకటి వేలాడుతోంది, చాప చుట్టలా కింద కర్ర ఉన్న బొమ్మ. పైన ఒక కొండ కొస, కింద ఒక పడవ, అందులో కూర్చున్న మనిషి అగ్గిపుల్లంత. మధ్యలో ఏమీ లేదు. ఉత్త కాగితం.

నేను పనివాణ్ణి కదా, నాకు అది తప్పుగా కనబడింది. ఇంజనీరు గారి భార్య సుభద్రమ్మ గారు గడపలో నిలబడి చూస్తున్నారు.

"అమ్మా, ఎవరో సగంలో పని ఆపేసి పోయినట్టున్నరు" అన్నాను.

ఆవిడ నవ్వారు. "సగంలో ఆపలేదు బాబూ. అది మంచు. కొండకీ పడవకీ మధ్యన పొగమంచు ఉంది. ఆయన చైనా వెళ్ళినప్పుడు తెచ్చారు."

"మంచును గియ్యలేదు గదమ్మా?"

"గియ్యకపోవడమే గియ్యడమంట. మావారు అలాగే చెప్తారు. నాకూ సరిగా తెలీదు."

ఆ రోజు బొమ్మ కిందికి దించి మంచం మీద పెట్టి గోడకు రంగు వేశాను. వేసినంతసేపూ చూపు మంచం మీదే. ఒక గోడకు రెండు పూతల రంగు పడాల్సింది, ఒకచోట మూడు పడింది, ఒకచోట ఒకటే పడింది. మేస్త్రీ తిట్టాడు. పని ముగిసి పోతుంటే సుభద్రమ్మ గారు ఒక పుస్తకం చేతిలో పెట్టారు. చైనా బొమ్మల పుస్తకం, లోపల రాత అంతా ఇంగ్లీషు. "మా ఇంట్లో ఎవరూ తెరవరు. నీ కళ్ళు దాని మీదే ఉన్నాయి, తీసుకెళ్ళు" అన్నారు.

నాకు ఇంగ్లీషు రాదు. అందుకని ఆ పుస్తకాన్ని ఏళ్ళ తరబడి తప్పుగానే అర్థం చేసుకున్నాను. ప్రతి బొమ్మ మూలన ఎర్రటి మొహరు ముద్ర ఉండేది. సర్కారు తనిఖీ, అదే జాంచ్, చేసి పాస్ చేసిన గుర్తు కాబోలు అనుకున్నాను. అది గీసినవాడి పేరని చాలా కాలానికి ఒక లెక్చరరు చెప్పాడు. అప్పటికే నేను నా బొమ్మలన్నిటికీ మొహరు వదిలేసి ఉన్నాను, పాస్ చేసేవాడు ఎవడూ లేడని.

మసి, బంక, కాగితం

కొంటాకు తిరిగివచ్చి బోర్డుల పని మొదలుపెట్టాను. పెళ్ళయింది. నా భార్య నర్సమ్మ కిరోసిన్ బుడ్డి మీద మూకుడు బోర్లించి మసి పట్టేది. దాన్ని తుమ్మబంకతో నూరితే సిరా. మేక వెంట్రుకలతో కుంచె నేనే కట్టుకున్నాను. కాగితం మాత్రం చాలా ఏడిపించింది. డ్రాయింగ్ షీటు మీద సిరా పాకదు, పైపైన నిలబడి బిర్రుగా ఆరిపోతుంది. చివరికి జగదల్‌పూర్‌లో ఒక ప్రెస్సులో రీలు అయిపోయాక మిగిలే న్యూస్‌ప్రింటు ముక్కలు దొరికాయి. అది సిరాను తాగుతుంది. తాగితే ఇక వెనక్కి తీయలేం. బోర్డుల ఎనామిల్ పెయింటులో తప్పు పడితే గుడ్డతో తుడిచేస్తాం. ఇక్కడ ఆ వీలు లేదు.

తెల్లవారి పనికి పోకముందు ఒక బొమ్మ గీసేవాణ్ణి. శబరి నది మీద చలికాలం పొద్దున ఎంత మంచు ఉంటుందో చూసినవాళ్ళకు తెలుసు. అవతలి ఒడ్డు కనబడదు, అక్కడ కోడి కూసేది వినబడుతుంది. ఆ కోడికూతను గీయాలని నా తాపత్రయం. ఒక్కసారి కూడా రాలేదు. ఇది ఒట్టి వినయం కాదు. నేను పెద్ద చిత్రకారుణ్ణి కాదు, ఆ సంగతి నాకు తొందరగానే తెలిసిపోయింది. తెలిసీ మానలేదు.

చూసేది నర్సమ్మ ఒక్కతే. పొయ్యి దగ్గర నుంచి వచ్చి, చేతులు కొంగుకు తుడుచుకుని చూసేది. "ఇంత కాగితం పెట్టుకొని ఇంతేనా గీసేది? నాకిస్తే అప్పడాలు చుట్టుకుందు" అనేది. అని, ఆ కాగితాన్ని ముడత పడకుండా తీసి ట్రంకు పెట్టెలో పెట్టేది. ఆమె పోయాక ఆ పెట్టె కొంతకాలం తెరవలేదు. తెరిచేసరికి చెదలు పట్టి కాగితాలన్నీ మట్టి అయ్యాయి. చేత్తో ఎత్తితే రాలిపోయాయి. ఏడ్చాను. నర్సమ్మ కోసమో కాగితాల కోసమో అప్పుడు విడదీసి చెప్పలేకపోయాను, ఇప్పుడూ చెప్పలేను. మా కులంలో రాయి పెట్టరు. ఆమెకు రాయి లేదు.

ఖాళీ జాగా వద్దన్న ఠేకేదారు

పని ఇచ్చినవాళ్ళ గురించి ఎక్కువ రాయను. ఒక్క ఠేకేదారును మాత్రం మర్చిపోలేను. గోడల మీద సర్కారు నినాదాలు రాసే కాంట్రాక్టు అతనిది. హిందీ చదవలేని ఊళ్ళల్లో హిందీలో రాయించాడు. ఒక బడి గోడ మీద నేను నాలుగు ముక్కలు చక్కగా మధ్యలో రాసి చుట్టూ తెలుపు వదిలాను. దూరం నుంచి చూస్తే చల్లగా ఉంది. అతను జీపు దిగి తల పట్టుకున్నాడు.

"పెయింటర్ బాబూ, ఇంత ఖాలీ జగా ఎందుకు? సాబ్ వచ్చి ఫోటో తీస్తాడు. గోడ ఖాలీగా కనబడితే కామ్ కాలేదంటాడు."

"రాసింది కనబడాలంటే చుట్టూ ఖాళీ ఉండాలె గద సార్?"

"కనబడి ఏం చేస్తుంది? పువ్వులు గీయి. మోర్ గీయి. భర్ దో."

భర్ దో. నింపెయ్. నెమళ్ళతో, తామరపూలతో నింపేశాను. సాబ్ ఫోటో తీశాడు. ఆ ఠేకేదారు మూర్ఖుడని అప్పుడు అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను. వయసు పెరిగితే అందరూ మంచివాళ్ళుగా కనబడతారంటారు, నాకు అలా జరగలేదు.

పడవ ముసలాయన

కానీ ఆ ఠేకేదారు మీద కోపంతోనే నేను ఒక తెలివితక్కువ పని చేశాను. శబరి ఒడ్డున ఒక పల్లెలో పడవ నడిపే ముసలాయన పోయాడు. రాయి నిలబెట్టి నన్ను పిలిచారు. ఆ రోజు ఇంటివాళ్ళకు పెసర చేను కోత. "నీకు తెల్సు గద, నువ్వే మంచిగ గియ్యి" అని చెప్పి పొలానికి పోయారు. పక్కన నిలబడి చెప్పేవాళ్ళు లేరు. నా కళ్ళు నెత్తికెక్కాయి. రాయంతా తెల్ల రంగు వేసి, అడుగున ఒక పడవ, అందులో చిన్న మనిషి, పైన ఒక్క కొండ గీత. అంతే. పుస్తకంలో బొమ్మ రాతి మీదికి దిగినట్టుందని నన్ను నేనే మెచ్చుకున్నాను. పొద్దుగూకాక వాళ్ళు వచ్చి చూసి ఇంటికి పోయారు. నచ్చిందనుకున్నాను.

వారం తిరక్కుండా ముసలాయన కోడలు కొంటా వచ్చి నా వాకిట్లో నిలబడింది. మనిషి నిద్రలేక పీక్కుపోయి ఉంది.

"ఏంది పెయింటరన్నా ఇట్ల జేసినవ్? మామ కలల కొస్తుండు. బువ్వ లేదంటుండు. కోడి లేదు, గొడ్డు లేదు, అంబలి కుండ లేదు. నీళ్ళల్ల ఒక్కన్నే వదిలిపెట్టిన్రంటుండు."

"అది మంచమ్మా. మంచు వెనక అన్నీ ఉంటయి."

"ఉంటే నాకెందుకు కనబడ్తలేవు? ఆయనకెట్ల కనబడ్తయి?"

డబ్బాలు, కుంచెలు సంచిలో వేసుకున్నాను. ఆమె వెంటే పోయాను. కోళ్ళు, రెండు ఎడ్లు, అంబలి కుండ, ఈతచెట్టు, ఆయన చెవి దగ్గర పెట్టుకుని వినే ట్రాన్సిస్టరు, అన్నీ గీశాను. రాయి బజారులా తయారైంది. కోడలు ఒక్కొక్కటీ చూసుకుని "ఇగ పండుకుంటడు" అంది. ఆమె కూడా పడుకుంది కాబోలు.

కాగితం మీద మంచు అయ్యే తెలుపు ఆ ఊళ్ళో ఆకలి అయింది. నా చైనా నా ఇంట్లోనే ఉండాలని ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట ఏ రాతి మీదా అరచేయంత ఖాళీ కూడా వదలనని.

చెక్‌పోస్టులో కొండలు

పుస్తకం పోయిన సంగతి కూడా చెప్పాలి. అడవిలో అన్నల కోసం వెతుకుతూ, రోడ్ల మీద మాటిమాటికీ సంచులు విప్పించే రోజులు అవి. సుక్మా నుంచి సవారీ జీపులో వస్తుంటే ఒక చెక్‌పోస్టు దగ్గర నా సంచిలో ఆ పుస్తకం బయటపడింది. అట్ట మీద చైనా అక్షరాలు. మా అడవిలో, ఆ రోజుల్లో, సంచిలో చైనా పుస్తకం! జీపులో ఉన్నవాళ్ళంతా నాకు దూరంగా జరిగి కూర్చున్నారు.

నన్ను గుడారంలో కూర్చోబెట్టారు. ఒక ఆఫీసరు పుస్తకం పేజీ పేజీ తిప్పాడు. పడుచు మనిషి, మర్యాదగానే మాట్లాడాడు. కొండ బొమ్మ దగ్గర ఆగి హిందీలో అడిగాడు.

"ఇది ఏ కొండ?"

"చైనాలది సార్. నేను చూడలే."

"ఈ దారి ఎక్కడికి పోతుంది? ఇక్కడ ఇద్దరు ఎందుకు నిలబడి ఉన్నారు?"

"మంచు చూస్తున్నరు సార్."

అతను నా ముఖం చూశాడు. ఎగతాళి చేస్తున్నాననుకున్నాడో ఏమో. నాకైతే నవ్వు రాలేదు. పొద్దు వాలాక పొమ్మన్నాడు. పుస్తకం జాంచ్ కోసం ఉంచుకున్నాడు. మళ్ళీ పోయి అడిగే ధైర్యం నాకు లేదు, నర్సమ్మ పోనివ్వలేదు. ఆ తర్వాత గీసిందంతా జ్ఞాపకం మీదే. జ్ఞాపకంలో చైనా కొండలు మెల్లగా అరిగిపోయి మా కొండల్లా అయ్యాయి. పడవలో కూర్చున్న చైనా ముసలివాళ్ళకు మా ఊరివాళ్ళ గోచీలు వచ్చాయి. దాంతో బొమ్మలు బాగుపడ్డాయని కొందరంటారేమో. నాకైతే పుస్తకమే కావాలి.

పోసక్క

ఇప్పుడు అసలు సంగతి. మరైగూడ దారిలో ఒక చిన్న పల్లె. పోసక్క భర్త లచ్చయ్య మిర్చి కోతకని నది దాటి పోయాడు. కూలీల ముఠాతో పోయినవాళ్ళంతా తిరిగివచ్చారు, అతను రాలేదు. కోతలు ముగిసేముందు ఒక పొద్దున పొగాకు తెచ్చుకుంటానని బజారుకు పోయాడట. అంతే తెలుసు. ఇటుక బట్టీలో చేరాడని ఒకరు, లారీ ఎక్కి దూరదేశం పోయాడని ఒకరు. ఇంకొందరు ఏదో అనబోయి మింగేసేవాళ్ళు. వాళ్ళు మింగింది నేనూ ఇక్కడ రాయను. పోసక్కకు పిల్లలు లేరు. మరిది ఇంటి పక్కన గుడిసెలో ఉంటూ, మొక్కజొన్న వేసుకుంటూ, ఇప్పపువ్వు ఏరుకుంటూ బతికింది.

కొన్నేళ్ళు చూసి ఊరి పటేలు రాయి పెట్టాలన్నాడు. రాయి లేని మనిషి దిక్కులేక తిరుగుతాడు, గొడ్లకు మంచిది కాదు, ఇంటికి మంచిది కాదు. పోసక్క చాలాకాలం ఎదురాడింది. చివరికి సరే అంది. నన్ను పిలిచారు.

నేను రాయి కడుగుతున్నాను. ఆమె బిందెతో నీళ్ళు తెచ్చి పోసింది. పటేలు వాళ్ళు చెట్టు కింద చుట్ట కాలుస్తూ దూరంగా ఉన్నారు. ఆమె గొంతు తగ్గించి అంది.

"అన్నా, ఆయన్ని గియ్యకు."

"అదేందమ్మా? మనిషి లేకుంట రాయేంది?"

"గీస్తే ఇగ రాడు. పటేలు బాపు మాట కాదనలేక రాయి పెట్టనిచ్చిన. సైకిలు గియ్యి, గొడ్లను గియ్యి, చేను గియ్యి. ఆయన్ని మాత్రం వద్దు. నీ కాళ్ళు మొక్కుత."

నిజంగానే వంగింది. నేను వెనక్కి జరిగాను. ఆమెకు అందులో ఏముందో నాకు బాగానే అర్థమైంది. రాతి మీద బొమ్మ పడిన రోజు నుంచి లచ్చయ్య ఊరికి చచ్చినవాడు. చచ్చినవాళ్ళ వాటా బువ్వ అతనికి పెడతారు, ఇంట్లో అతని కంచం తీసేస్తారు. ఆమె ఎదురుచూపుకు ఇక చోటు ఉండదు. గీయకపోతే పటేలు ఊరుకోడు. ఊరంతా చూస్తుండగా మధ్యలో ఖాళీ వదలడానికి లేదు. పడవ ముసలాయన కోడలి ముఖం నాకు ఇంకా గుర్తుంది.

ముందు సైకిలు గీశాను, మిర్చి చేను గీశాను, రెండు దూడలు, ఇప్పచెట్టు. చెట్ల మధ్య నుంచి దారి. దారి నడుమ మనిషి ఉండాల్సిన చోట తెలుపులో చిటికెడు బూడిద రంగు కలిపి, టర్పెంటు ఎక్కువ పోసి, గుడ్డతో అద్దుతూ, తుడుస్తూ, మళ్ళీ అద్దుతూ పోయాను. ఎనామిల్ పెయింటుతో మంచు గీయడం ఎంత కష్టమో చెప్పలేను, అది మంచు కోసం చేసిన రంగు కాదు. ఎన్నో ఏళ్ళు పొద్దున్నే కాగితాలు పాడుచేసిన చెయ్యి కాబట్టి ఎలాగో వచ్చింది. చెట్లు కాస్త దూరంలో మసకబారి, దారి లోపలికి పోయి కనబడకుండా పోయింది.

పటేలు వచ్చి నిలబడ్డాడు. చుట్ట తీసి అడిగాడు.

"మనిషేడి?"

"మంచుల ఉన్నడు బాపూ."

"మంచుల ఉంటే?"

"మంచు పోతే కనబడ్తడు."

పటేలు చాలాసేపు రాయిని చూశాడు. తర్వాత పోసక్కను చూశాడు. ఆమె తల దించుకుని ఖాళీ బిందె పట్టుకుని నిలబడింది.  రాయి కడిగించి మళ్ళీ గీయమంటే నేను ఎదురు చెప్పగలిగేవాణ్ణి కాను.

"చలికాలం లెక్కనే ఉన్నది" అన్నాడు పటేలు. "సరే, ఉండనియ్. మంచు ఎప్పుడు పోవాల్నో ఆ పిల్లనే చెప్పాలె. నువ్వు జెప్పొద్దు, నేను జెప్పొద్దు." అని చుట్ట మళ్ళీ ముట్టించుకుని పోయాడు. పెద్దవాళ్ళలో నేను మనసారా దండం పెట్టిన మనిషి అతనొక్కడే.

ఎనామిల్ రంగు రాతి మీద ఎక్కువ కాలం ఆగదు. ఎండకు పగిలి, వానకు పెచ్చులూడుతుంది. వీలున్నప్పుడల్లా పోయి పోసక్క రాయికి మళ్ళీ రంగు వేసేవాణ్ణి. పోయిన ప్రతిసారీ అడిగేవాణ్ణి.

"మంచు ఉంచాల్నా పోసక్కా?"

"ఉండనియ్ అన్నా."

నేను గుడ్డ తీసేవాణ్ణి. ఆమె పక్కన కూర్చుని ఆకు వక్క నములుతూ మిర్చి ముఠాలో ఎవరెవరు వచ్చారో, ఎవరిని ఏమడిగిందో చెప్పేది. ఆమె జుట్టు నెరిసింది. పటేలు పోయాడు, అతని రాయీ నేనే గీశాను. మంచు మాత్రం అలాగే ఉంది. నిజం చెబుతున్నాను, ఒక దశ దాటాక నాకు ఆ గుడ్డ పట్టుకోవాలంటే భయం వేసేది. నేను ఆమెకు మేలు చేశానో, ఆమె బతుకును ఆ దారి మీద నిలబెట్టి వదిలేశానో నాకు తెలియదు. మీరు ఈ పనిలోకి వస్తే ఇలాంటివి తగులుతాయి. ఎవరినీ అడగడానికి ఉండదు.

ఆఖరి పని

పని మానేశాక ఒక రోజు పోసక్క సవారీ జీపు దిగి కర్ర పోటేసుకుంటూ నా ఇంటికి వచ్చింది. మంచినీళ్ళు తాగి, ఊపిరి తీసుకుని అంది.

"అన్నా, ఇగ గియ్యి."

నాకు వెంటనే అర్థమైంది. అయినా అడిగాను. "ఏం గియ్యాలె?"

"ఆయన్ని."

"కబురేమన్న వచ్చిందా?"

"ఏ కబురు రాలె. ఏం రాదు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నా రాయి పెట్టే దినం దగ్గరికొచ్చింది. పక్క రాయిల మనిషే లేకపోతే నేనెవరి పక్కన నిలబడాలె?"

నా చెయ్యి చూపించాను. "వణుకుతున్నది పోసక్కా. గీత నిలవదు. బజార్ల పిలగాళ్ళున్నరు, ఫోటో ఉంటే పలక మీద అచ్చేస్తరు."

"ఫోటో యాడిది? ఆయన్ని చూసినోళ్ళు ఎవరున్నరు, నేను దప్ప? వణికితే వణకనీ. నేను చెప్త, నువ్వు గియ్యి."

పోయాను. మంచు పెచ్చులూడి ఉంది. గీకేశాను, అడుగు రంగు వేశాను. మర్నాడు కుంచె పట్టుకుని కూర్చున్నాక ఒక సంగతి తట్టింది. ముందే అడగాల్సింది.

"ఎంత వయసు ఉంచమంటవ్? పోయిననాటి వయసేనా?"

లచ్చయ్య పోయినప్పుడు పడుచువాడు. రాళ్ళ మీద ఎవరినైనా పోయిననాటి వయసుకే గీస్తాం. పోసక్క రాయిని చూస్తూ అంది.

"వద్దు. నా అంత చెయ్యి. పడుచోన్ని గీస్తే, నేను పోయేసరికి నన్ను చూసి 'ఎవరే ముసల్దానా' అంటడు."

"ముసలోడైతే ఎట్ల ఉండేటోడో నాకెట్ల తెలుస్తది?"

"నాకు తెల్సు."

చెప్పడం మొదలుపెట్టింది. జుట్టు నుదుటి మీద బాగా పోయింది, వెనక మాత్రం ఉంది, వాళ్ళ నాన్నకూ అంతే. ముందు పన్ను ఒకటి లేదు, వక్క ఎక్కువ నమిలాడు. ఎడమ భుజం కుంగింది, బస్తాలు ఆ భుజం మీదే మోశాడు. మోకాళ్ళ నొప్పి వచ్చింది, కర్ర పట్టుకున్నాడు గానీ నలుగురిలో దాచుకుంటాడు, కాబట్టి కర్రను కాలి వెనక గియ్యి. కళ్ళ కింద సంచులు. చెవుల మీద వెంట్రుకలు తెల్లబడ్డాయి. ఉండేవాడు, అయ్యేవాడు అని ఒక్కసారి కూడా అనలేదు. ఎక్కడా తడుముకోలేదు. నేను మంచు దిద్దుతూ వచ్చిన అన్నేళ్ళూ ఆ మనిషి ఆమె కళ్ళ ముందు రోజూ ఇంత ఇంతగా ముసలివాడవుతూనే ఉన్నాడు. నాకు దుఃఖం ఆగలేదు. కళ్ళు తుడుచుకుంటే చేతి మీది రంగు ముఖానికి అంటింది. ఆమె చూసి, "నువ్వేందన్నా" అని కొంగు అందించింది.

నా చెయ్యి వణుకుతూనే ఉంది. వణికిన చోట ముడతలు పడ్డాయి. చైనా బొమ్మల్లో దారి మీద నడిచే ముసలివాళ్ళను ఎందరినో గీశాను, వాళ్ళంతా వీపు తిప్పి కొండల్లోకి పోతుంటారు. చెయ్యి అలవాటుగా అటే తిప్పబోయింది. "ఇటు దిప్పు" అంది పోసక్క. ఇటు తిప్పాను. మధ్యాహ్నం దాటేసరికి లచ్చయ్య దారి మీద నిలబడ్డాడు, ముఖం ఊరివైపు, చేతి కర్ర కాలి వెనక.

మరిది కొడుకు అటుగా గొడ్లను తోలుకుపోతూ ఆగి చూశాడు. "ఈ ముసలాయనెవరు పెద్దమ్మా?" అన్నాడు.  గొడ్లు ముందుకు పోతుంటే వాటి వెంట వెళ్ళిపోయాడు.

పోసక్క కర్ర పక్కన పెట్టి రాయి దగ్గరికి జరిగింది. రంగు ఇంకా తడిగా ఉంది, ముట్టుకోవద్దన్నాను. ముట్టుకోలేదు. తెచ్చుకున్న బువ్వ మూట విప్పి రాయి మొదట్లో ఒక ముద్ద పెట్టింది. ఎన్నేళ్ళుగానో పెట్టనని మొండికేసిన ముద్ద. తర్వాత ఎదురింటి మనిషితో మాట్లాడినట్టు మామూలు గొంతుతో అంది.

"ఇగ రాకు. నేనే వస్త."

నేను డబ్బాలకు మూతలు పెట్టుకుంటూ కూర్చున్నాను.